ఇగ్నోర్ అంటే ఏందమ్మా

వినండ్రా, ఇది మొత్తం టైప్ చేసేదాకా మధ్యలో ఎవరూ మెసేజ్ పెట్టొద్దు. స్టిక్కర్లు కూడా వద్దు.

నా ప్రాబ్లమ్ మీకు తెల్సిందే. నేను డోలు వాయిస్తా, ఎవ్వడూ వినడు.

పర్చూరులో దరియా సాహెబ్ గారి దగ్గర ఏడో క్లాసు నుంచి నేర్చుకుంటున్నా. నాలుగేళ్ళు. ఎడం చేతిలో పుల్ల, కుడిచేతి వేళ్ళకి తొడుగులు. వేళ్ళు వాచిపోయి అన్నం కలుపుకోలేక స్పూన్‌తో తిన్న రోజులున్నాయ్. మా అమ్మ అయితే "ఆడపిల్లకి ఈ మోత ఎందుకే మస్తానమ్మా" అని రోజూ మొదలెట్టేది. అయినా మానలేదు.

ఇంత చేసి పెళ్ళికి పోతే ఏం జరుగుద్ది? ఫోటోగ్రాఫర్ వచ్చి ఫ్రేమ్‌లో పడుతున్నారు జరగండి అంటాడు. చిన్నపిల్లలొచ్చి డోలు మీద చపాతీ వత్తినట్టు చేతులేస్తారు. ఒకాయన నా పక్కనే నిలబడి, ఒక చెవి మూసుకుని, ఫోన్‌లో "ఏం లేదు, ఇక్కడ గోల" అన్నాడు. గోల అంట! నేను ఆ ముక్క ఎనిమిది నెలలు సాధన చేశా.

పోయిన గురువారం ప్రాక్టీస్ అయ్యాక చెప్పేశా.

"గురువుగారూ, నేను మానేస్తా."

ఆయన డోలు తుడుస్తున్నారు. చెయ్యి ఆపలేదు.

"ఎందుకమ్మా?"

"అందరూ మనల్ని ఇగ్నోర్ చేస్తున్నారు."

"ఏం చేస్తున్నారు?"

"ఇగ్నోర్."

"ఇగ్నోర్ అంటే ఏందమ్మా?"

గురువుగారు చదివింది మూడో తరగతి వరకే. కానీ కొత్త మాట వినపడిందంటే వదలరు, దాని సంగతి తేల్చేదాకా మనల్ని కూడా వదలరు. ఎక్కడ ఇరుక్కున్నానా అనుకున్నా.

"అంటే... పట్టించుకోకపోవడం."

"మొన్న కళ్ళద్దాలు మర్చిపోయి బజారుకి పోయా. కరిముల్లా ఎదురొచ్చాడంట, నాకు కనపళ్ళా. పలకరించకుండా వచ్చేశా. వాడిని ఇగ్నోర్ చేసినట్టేనా?"

"కాదు కాదు. మీకు కనపళ్ళేదు కదా. కనపడాలి. చూసి కూడా చూడనట్టు ఉండాలి. అప్పుడే ఇగ్నోర్."

"ఓహో. ముందు చూడాల."

"ఆ."

"చూడనోడు ఇగ్నోర్ చెయ్యలేడు."

"చెయ్యలేడు."

"అయితే వాళ్ళు నిన్ను చూసినట్టేగా. మంచిదేగా."

 ఎక్కడో ఏదో తేడా కొట్టింది, ఎక్కడో దొరకలేదు.

శుక్రవారం పోయేసరికి గుమ్మంలోనే పట్టుకున్నారు.

"ఇవాళ కాకరకాయ కూర ఇగ్నోర్ చేశానమ్మా."

"అయ్యో, కూరల్ని అలా అనరు గురువుగారూ."

"ఎందుకనరు? చూశా. గిన్నె నా ముందే ఉంది. మా ఆవిడ ఇటు తిరిగేలోపు, లేనట్టే పెరుగన్నంలోకి పోయా."

ఆలోచించా. "...సర్లెండి. కరెక్టే."

లోపల్నుంచి వాళ్ళావిడ అరిచింది. "నాకు కనపడిందిలే! నేను కూడా చూడనట్టు ఊరుకున్నా."

గురువుగారు నా వైపు చూశారు. "ఇప్పుడు ఎవరు ఎవర్ని ఇగ్నోర్ చేసినట్టు?"

రేయ్, నాకు నిజంగా తెలీలేదు. ఇంగ్లీష్‌లో నాకు తొంభై ఆరు మార్కులు.

శనివారం ఇంకా దారుణం. వాళ్ళ పిల్లి పాలగిన్నె పక్కనే పడుకుని గోడవైపు చూస్తోంది.

"అది పాలని ఇగ్నోర్ చేస్తోంది" అన్నారు.

"అది యాక్టింగ్ గురువుగారూ. మనం అటు పోతే చాలు, తాగేస్తది."

"నువ్వేగా చెప్పావు, చూసి చూడనట్టు ఉండటం అని. అది యాక్టింగే కదమ్మా?"

"యాక్టింగే, కానీ..."

"మనుషులు ఎందుకు చేస్తారు ఆ యాక్టింగు?"

ఇది నాకు బాగా తెల్సు. వేళ్ళ మీద చెప్పా. "కోపం ఉంటే చేస్తారు. ఎదుటోళ్ళంటే లెక్కలేకపోతే చేస్తారు. కావాలని బాధ పెట్టడానికి చేస్తారు. మొన్న మా క్లాసులో ఒకత్తి నాకు అదే చేసింది."

"అంతేనా? ఇంకెందుకూ చెయ్యరా?"

"అంతే. డిక్షనరీలో కూడా ఇంకేం లేదు."

ఆయన గడ్డం గోక్కున్నారు. ఏదో చెప్తారేమో అని చూశా. పాలగిన్నె తీసి పైన పెట్టారు, అంతే.

"రేపు చీరాలలో పెళ్ళుంది. అది వాయించి మానెయ్యమ్మా" అన్నారు. ఆపలేదు, అడగలేదు, బతిమాల్లేదు. నాకు కొంచెం మండింది కూడా.

ఆదివారం. చీరాలలో పెద్ద ఏసీ హాలు. మండపం చుట్టూ తెల్ల పూలు. మేం ముగ్గురం మండపానికి ఎడం పక్కన: గురువుగారు పెద్ద డోలు, కోటిలింగం బాబాయ్ సన్నాయి, నేను రెండో డోలు. రెండో డోలు పని ఏంటంటే పెద్ద డోలు ఎటు పోతే అటు పోవడం. సొంత తెలివి అక్కర్లేదు.

నేనేమో ఇది లాస్ట్ పెళ్ళి కదా, ఒక్కసారి వీళ్ళందరి తలకాయలు తిప్పేసి పోవాలని ఫిక్స్ అయ్యా.

పంతులు గారు పెళ్ళికూతురు చేత గౌరీపూజ చేయిస్తున్నారు. సన్నాయి మెల్లగా నడుస్తోంది. నేను ఎనిమిది నెలల ముక్క ఎత్తుకున్నా. ఫుల్ స్పీడు. బాబాయ్ సన్నాయి నోట్లో ఉండగానే కళ్ళు పెద్దవి చేశాడు.

తలకాయలు తిరిగాయ్. నిజంగానే తిరిగాయ్, రెండొందల తలకాయలు. నాకు ఒళ్ళు పులకరించింది.

అప్పుడు మైక్ పట్టుకుని తిరిగే యాంకర్ ఉన్నాడే, వాడు: "మేళం వాళ్ళు కొంచెం ఊపిరి పీల్చుకుంటే, మన పంతులు గారి మంత్రాలు కూడా వింటాం అండీ!"

హాలంతా నవ్వు. పెళ్ళికొడుకు కూడా నవ్వాడు.

చచ్చిపోయా అక్కడే. గురువుగారు ఒక్క మాట అన్లేదు. నా వైపు కూడా చూళ్ళేదు. తిట్టినా బాగుండేది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. పెళ్ళిలో మేం ఏం వాయించినా వాయించకపోయినా, గట్టిమేళం తప్పకూడదు. ముహూర్తం టైంకి పంతులు గారు చెయ్యెత్తి ఊపుతారు. అంతే, ఉన్న బలమంతా పెట్టి మోగించాలి. ఆ టైంలో తుమ్ము, ఏడుపు, అశుభం మాట, ఏదీ పెళ్ళివాళ్ళ చెవిన పడకూడదని పెద్దోళ్ళు పెట్టారు. అందుకే మేళం వాళ్ళ కళ్ళు ఎప్పుడూ పంతులు గారి చేతి మీదే ఉండాలి. లేటుగా కొడితే పరువు పోద్ది. చెయ్యెత్తకుండా ముందే కొడితే ఇంకా ఘోరం, ముహూర్తం కానిదాన్ని ముహూర్తం అని చాటినట్టు. గురువుగారు నలభై ఏళ్ళుగా వాయిస్తున్నారు. అటు గానీ ఇటు గానీ ఒక్కసారి కూడా తప్పలేదని ఊళ్ళో చెప్పుకుంటారు.

సరే. పెళ్ళికూతుర్ని బుట్టలో తెచ్చి కూర్చోబెట్టారు. ఇద్దరి మధ్యా తెర పట్టుకున్నారు. తెరకి అటు ఆ అమ్మాయి, ఇటు ఈయన. జీలకర్ర బెల్లం తమలపాకుల్లో పెట్టి రెడీగా ఉంది. టైం ఇంకా కాలేదు, పంతులు గారు మంత్రం చదువుతూ వాచీ చూసుకుంటున్నారు. అందరూ ఊపిరి బిగబట్టినట్టు హాలు నిశ్శబ్దంగా అయిపోయింది.

అప్పుడే పెళ్ళికొడుకు వాళ్ళ నాయనమ్మని చక్రాల కుర్చీలో తోసుకొచ్చి ముందు పెట్టారు. సరిగ్గా నా పక్కన. బాగా పెద్దావిడ. మొహం నిండా పౌడరు, పట్టుచీర. తెర వెనకాల పెళ్ళికూతురి వైపు మెడ సాచి చూసింది. చూసి,

"పద్మజేదిరా? ఈ పిల్లెవ..." అంది. గట్టిగా. చెవులు వినపడని వాళ్ళు మాట్లాడతారే, అంత గట్టిగా.

మాట పూర్తి కాలేదు. పక్కన పిడుగు పడింది.

గురువుగారు గట్టిమేళం కొట్టేశారు.

నాకు బుర్ర పనిచెయ్యలేదు. పంతులు గారి చెయ్యి కిందే ఉంది! ఒళ్ళోనే ఉంది! కానీ రెండో డోలుకి సొంత తెలివి అక్కర్లేదన్నా కదా, నా చేతులు వాటంతట అవే పడిపోయాయ్. బాబాయ్ కూడా సన్నాయి ఎత్తుకున్నాడు. జనం ముహూర్తం అయిందనుకుని అక్షింతలు వేసేశారు సగం మంది. పంతులు గారు రెండు చేతులూ ఊపుతున్నారు, ఆపండి ఆపండి అని.

గురువుగారు ఆ చేతుల్ని చూడట్లేదు. నేను ఆయన పక్కనుంచి చూశా. ఆయన కళ్ళు నాయనమ్మ మీద ఉన్నాయ్. ఆవిడ నోరు ఇంకా కదుల్తోంది. ఒక్క ముక్క వినపళ్ళేదు.

ఆకుపచ్చ చీరావిడ, పెళ్ళికొడుకు అక్క అనుకుంటా, పరిగెత్తుకుంటూ వచ్చింది. కుర్చీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ముసలావిడ రెండు చేతులూ పట్టుకుంది. ఏదో చెప్పి, బుగ్గలు నిమిరి, కుర్చీని మెల్లగా వెనక్కి లాక్కెళ్ళిపోయింది.

అప్పుడు ఆగింది డోలు.

"ఏంటి సాయిబు గారూ ఇది!" పంతులు గారికి మొహం ఎర్రబడింది. "ముహూర్తానికి ఇంకా మూడు నిమిషాలుంది. నేను చెయ్యెత్తానా?"

"లేదు అయ్యవారూ. పొరపాటైంది. వయసైపోయింది" అన్నారు గురువుగారు.

యాంకర్ ఊరుకుంటాడా. "మేళం తాతకి భోజనం టైం అయినట్టుందండీ!"

మళ్ళీ నవ్వు. పెళ్ళికూతురి తరఫు ఒకాయనైతే ముందుకొచ్చి మరీ "ఇలాంటి ముసలోళ్ళని పెట్టుకుంటే ఇంతే" అని పోయాడు. నలభై ఏళ్ళు పోయాయ్, మూడు నిమిషాల్లో. గురువుగారు తల వంచుకుని తొడుగులు సర్దుకుంటున్నారు.

నాకు కళ్ళలో నీళ్ళు. కోపమో ఏంటో తెలీదు. బాబాయ్ వైపు వంగి గుసగుసగా అడిగా.

"బాబాయ్, పద్మజ ఎవరు?"

"ష్. ఇతని మొదటి భార్య. నాలుగేళ్ళ కింద ఆ పెళ్ళికీ మేమే. జ్వరమొచ్చి పోయింది పాపం. ముసలామెకి మతిమరుపు, ఆ సంగతి గుర్తుండదు. ఇంక నోర్మూసుకో, చెయ్యి చూడు."

చెయ్యి చూశా. ఈసారి చెయ్యి లేచింది. కొట్టాం. తెర దిగింది. జీలకర్ర బెల్లం పెట్టుకున్నారు. ఆ తర్వాత తాళి కట్టేటప్పుడు మళ్ళీ కొట్టాం. హాల్లో ఎవరు చూస్తున్నారో, ఎవరు ఫోన్లో ఉన్నారో నేను చూళ్ళేదు. ఇది ఫస్ట్ టైం అనుకుంటా.

తలంబ్రాలయ్యాక కొంచెం ఖాళీ దొరికింది. ఆగలేకపోయా.

"గురువుగారూ, మీరు చెప్పుండొచ్చు కదా పంతులు గారికి."

"ఏం చెప్పాల?"

"అదే, ఆ నాయనమ్మ అలా అందని. అందుకే కొట్టామని."

"ఎలా అంది?"

"మీరు వినలేదా!"

"నువ్వు విన్నావా?" అన్నారు.

మామూలుగానే అడిగారు. కాఫీ తాగావా అన్నట్టు. నేను చెప్పబోయి, చుట్టూ చూశా. యాంకర్ పక్కనే ఉన్నాడు. ఆకుపచ్చ చీరావిడ అటుగా పోతూ ఒక్క క్షణం మా దగ్గర ఆగి, ఏమీ అనకుండా, గురువుగారి ముందు మంచినీళ్ళ సీసా పెట్టి పోయింది.

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నన్నడగొద్దు.

అయిపోయిందనుకున్నారా. అసలుది ఇప్పుడు.

ఫోటోగ్రాఫర్‌కి బ్యాటరీ అయిపోయింది. పెళ్ళికొడుకుని ఎవరో ఫ్రెండ్స్ కిందకి తీసుకుపోయారు. పెళ్ళికూతురు ఒక్కతే పీట మీద కూర్చుంది. నన్ను చూసి వేలితో పిలిచింది. వెనక్కి చూశా ఎవర్నా అని. నన్నే.

"అమ్మాయి డోలు వాయించడం ఫస్ట్ టైం చూస్తున్నా. పేరేంటి?"

"మస్తానమ్మ అక్కా."

"పొద్దున నువ్వు ఫాస్ట్‌గా వాయించావే, బాగుంది. వాళ్ళు ఆపకుండా ఉండాల్సింది."

నాలుగేళ్ళుగా ఎవరో ఒకరు అంటారని చూసిన మాట అది. అన్నది, అయినా నాకు ఆనందం రాలేదు. ఎందుకంటే ఆవిడ కళ్ళు నన్ను చూడట్లేదు. చేతిలో ఉన్న కొబ్బరిబొండాం మీది పూసల్ని గోటితో గిల్లుతోంది. జుట్టులో బెల్లం ముద్ద అతుక్కుని ఉంది, ఎవరూ తియ్యలేదు.

"మస్తానమ్మా, ఒకటి అడుగుతా."

"అడగండక్కా."

"ముందే ఒకసారి కొట్టేశారు కదా. నేను తెర వెనక ఉన్నా, నాకేం కనపళ్ళేదు. వాళ్ళ నాయనమ్మ గారు నీ పక్కనే ఉన్నారంట. ఏదో అన్నారు." గిల్లడం ఆపింది. "ఏమన్నారు?"

రేయ్, నా సంగతి మీకు తెల్సు. నా నోట్లో నువ్వుగింజ నానదు. లెక్చరర్ విగ్గు సంగతి క్లాసంతా చాటింది నేనే. మాట నాలుక మీదే ఉంది. నేను విన్నా. ఒక్కో అక్షరం విన్నా. నిజం అడిగితే నిజం చెప్పాలి కదా, అందులో తప్పేముంది? ఆవిడకి తెలుసుకునే హక్కుంది కదా? అబద్ధం చెప్తే అది మంచా? నాకు ఇప్పటికీ తెలీట్లేదు.

ఆవిడ నా మొహమే చూస్తోంది.

"డోలు మోత కదక్కా" అన్నా. "పక్కనే ఉన్నా ఏం వినపళ్ళా."

 కొబ్బరిబొండాం పక్కన పెట్టింది.

"నాక్కూడా" అంది.

అని లేచింది. కొంగులు ముడేసి ఉన్నాయ్ కదా, పెళ్ళికొడుకు వదిలిపోయిన ఉత్తరీయం నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంటే దాన్ని చేతికి చుట్టుకుంది. మండపం దిగి, వెనకాల ఫ్యాను కింద కుర్చీలో ఉన్న నాయనమ్మ దగ్గరికి పోయింది. వంగి, ఆవిడ గడ్డం మీద కారిన పౌడరు తుడిచింది. ముసలావిడ ఈసారి గొణిగినట్టు, ఆమెని ఏదో పేరు పెట్టి పిలిచింది. ఏ పేరో ఇంత దూరానికి వినపళ్ళేదు. ఈసారి నిజంగానే.

"ఆ, నాయనమ్మా" అంది పెళ్ళికూతురు. అది మాత్రం వినపడింది.

వెనక్కి తిరిగా. గురువుగారు రెండడుగుల దూరంలో కూర్చుని డోలుకి గుడ్డ చుడుతున్నారు. మేం మాట్లాడిందంతా ఆయన చెవిలో పడే ఉంటది.

తలెత్తలేదు. గుడ్డ రెండో కొస మాత్రం నా వైపు జరిపారు.

పట్టుకున్నా.